సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి బడ్జెట్ ఇవ్వమని మేనేజ్‌మెంట్‌ని ఎలా ఒప్పించాలి?

"అంతా బాగానే నడుస్తోంది కదా, టెస్టింగ్‌కి వేరే ఖర్చెందుకు అంటున్నారు, ఏం చెప్పాలి?" అని అడిగారు. ముందుగా, మీటింగ్‌లో క్వాలిటీ అనే మాట ఎత్తకండి. ఆ మాటని ఎవరూ కాదనరు, దానికి రూపాయి కూడా రాల్చరు. నైట్ క్యాపిటల్ ఉదాహరణా వద్దు. 2012 ఆగస్టు 1న, ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కించకపోవడంతో 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకున్న అమెరికా షేర్ ట్రేడింగ్ కంపెనీ అది. మీ ఎండీ "మనది అమెరికా షేర్ మార్కెట్ కాదుగా" అని తేల్చేస్తారు. మీ కంపెనీలో పోయిన డబ్బే చూపించాలి.

మేం మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారి చాలా మందులు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి. రిటర్న్ బిల్లులు, అంటే కస్టమర్లు తిరిగిచ్చిన మందుల బిల్లులు, సరిగ్గా వస్తున్నాయో లేదో చూడటానికి ఒకట్రెండు రోజులు అడిగితే "టైమ్ లేదు, డెవలపర్లు చూశారులే" అని అప్‌డేట్ పంపేశారు. వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. పాత రేటుకి అమ్మిన మందు ఎవరైనా తిరిగి తెస్తే, సాఫ్ట్‌వేర్ పాత బిల్లు చూడకుండా ఐటమ్ మాస్టర్‌లోని (ప్రతి మందుకీ ఇప్పటి పన్ను రేటు ఉండే పట్టిక) 5 శాతమే తీసుకుంటోంది. 112 రూపాయలు కట్టినవాళ్లకి 105 చూపిస్తోంది. ప్రతి కౌంటర్ దగ్గరా గొడవే.

ఈ అనుమానం ముందే లేవనెత్తింది మా టెస్టర్ అమ్మాయి. వాళ్ల నాన్నగారిది మెడికల్ షాపు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇప్పటికీ "కోడింగ్ రాకపోతే టెస్టింగ్ తీసుకో" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వ్యాపారం తెలిసిన టెస్టర్‌ దొరకడం డెవలపర్‌ దొరకడం కన్నా కష్టం.

సపోర్ట్ వాళ్ల కాల్ రిజిస్టర్ ముందేసుకుని ఒక షీట్ తయారుచేశాను. ఏ షాపుకి ఎవరు వెళ్లారు, ఆ రోజు జీతం, పెట్రోలు, షాపులవాళ్లని చల్లబరచడానికి ఏఎంసీలో (ఏడాదికోసారి కట్టే మెయింటెనెన్స్ ఫీజు) తగ్గించిన మొత్తం, ఆగిపోయిన డెమోలు. పక్క కాలమ్‌లో మేం అడిగిన టైమ్‌కి అయ్యే ఖర్చు. దాన్ని అకౌంట్స్ మేడమ్‌కిచ్చి సరిచూడమన్నాను. మీటింగ్‌లో చదివింది కూడా ఆవిడే. "సార్, ఈ డిస్కౌంట్లు నేనే పాస్ చేశాను, అంకె కరెక్టే" అన్నారు. ఎండీ గారు షీట్ దగ్గరికి లాక్కుని మళ్లీ మొదటినుంచి చూశారు. ఇద్దరు టెస్టర్లని అడిగితే ఒకరిని ఆ నెలలోనే ఇచ్చారు, రెండోవారి సంగతి కొత్త బడ్జెట్‌లో చూద్దామన్నారు.

అదే లెక్క నా నోట వచ్చుంటే, తన టీమ్ కోసం అడుగుతున్నాడనుకునేవారు. కాబట్టి మీ అకౌంట్స్ వాళ్లతో ఈరోజే మాట్లాడండి. బడ్జెట్ మీటింగ్ వారం ముందు షీట్ మొదలుపెడితే పాత కాల్స్ వివరాలు ఎవరికీ గుర్తుండవు.