ఆయిల్ ట్యాంకు నిండుగానే ఉంది, ఇంజన్ పట్టేసింది

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. ఆరెకరాల కొబ్బరి తోట, కొంత జీడి ఉంది. తోటలో వెనక చిన్న తొట్టి తగిలించి కాయలు లాగించుకోవచ్చని విశాఖ వైపు ఒక రిసార్టు వాళ్ళ దగ్గర పాత ఏటీవీ (ఇసుకలో, తోటల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న మోటారు బండి) కొన్నాను. యమహా బ్లాస్టర్, టూ-స్ట్రోక్, 195 సీసీ. లక్షా నలభై వేలు. తొంభై వేలు ఫోన్‌లో పంపాను, మిగతాది చేతికిచ్చాను. కాగితాలేమీ ఇవ్వలేదు. ఇంజన్ కొత్తగా చేయించామన్నారు. పెట్రోల్లో ఆయిల్ కలపాలా అని వాట్సాప్‌లో అడిగితే "అక్కర్లేదు, ఆయిల్ ట్యాంకు ఫుల్ ఉంది" అని పెట్టారు. పదకొండో రోజు తోటలోనే ఇంజన్ సీజయింది. మా మెకానిక్ సీటు తీసి చూసి, ఆయిల్ పంపు ఎప్పుడో పీకేశారని, ట్యూబుకి బోల్టు బిగించి మూసేశారని చెప్పాడు. "ఎలాగూ విప్పుతున్నాం గదా బాబూ, పెద్ద కార్బురేటరు, కొత్త సైలెన్సరు కూడా వేసెద్దాం" అంటున్నాడు. యాభై ఐదు వేలవుతుందట. రిజిస్ట్రేషన్ అవుతుందా? పాత స్కూటర్ నంబరు కట్టుకోమని ఒకాయన అంటున్నాడు. ఆదివారం మా అబ్బాయి బారువ బీచ్‌కి తీసుకెళ్తానంటున్నాడు, వాడికి పదహారేళ్ళు. నా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: ముందు మెకానిక్‌ని ఆపండి. మీరు చివర్లో అడిగిన డబ్బు సంగతే మొదట చెబుతాను. ఆయన ఇంజన్ మీద పానా పెట్టిన దగ్గర నుంచి మీ చేతిలోని సాక్ష్యం కరగడం మొదలవుతుంది.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో, మోసమంటే ఏమిటో చెప్పే సెక్షన్ 17 కింద ఒక గుర్రం ఉంది. అమ్మేవాడికి గుర్రానికి జబ్బుందని తెలుసు. వేలంలో అమ్మాడు, జబ్బు సంగతి ఎత్తలేదు. అది మోసం కాదు, చూసుకోవలసింది కొనేవాడే. ఇంకో ఉదాహరణలో కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అంటాడు. అమ్మేవాడు ఊరుకుంటాడు. అప్పుడు ఆ ఊరుకోవడం నోటితో చెప్పినట్టే. మీ సంగతి ఈ రెండో గుర్రం కంటే కూడా బలమైనది. మీరు సూటిగా అడిగారు, వాళ్ళు సూటిగా జవాబిచ్చారు, ఆ జవాబు తప్పు. పైగా పంపు తీసేసిన బండికి ఆయిల్ ట్యాంకు ఉంచి, దాన్ని నింపి చూపించారు.

ఇందులో మెకానిజం ఎంతుందో చట్టమూ అంతే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్‌కీ క్రాంకుకీ నూనె అందేది పెట్రోలుతో పాటే. ఈ బండికి కంపెనీ ఇచ్చిన ఏర్పాటు ప్రకారం, విడిగా ఉన్న ట్యాంకు నుంచి పంపు ఆ నూనెను తోస్తుంది. ఆ పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి వాడేవాళ్ళు చాలామంది. అదేమీ తప్పు కాదు, కానీ ఆ తర్వాత ప్రతిసారీ కలపాల్సిందే, లీటరుకు సుమారు 30 మిల్లీలీటర్లు. మీరు ఉత్త పెట్రోలు పోశారు. అంత కాలం ఆ ఇంజన్ ఎలా నడిచిందా అన్నదే నాకు ఆశ్చర్యం. లా చదివే రోజుల్లో నా పాత స్కూటర్‌కి ఒక్కసారి ఆయిల్ మర్చిపోయి పోయించుకుంటే ఆనందపురం దాటకుండానే పట్టేసింది.

రిసార్టు వాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి: "మేము కొన్నప్పటికే అలా ఉంది, మాకూ తెలీదు." అలా అంటే సెక్షన్ 17 మోసం నిలవకపోవచ్చు, అయినా సెక్షన్ 18 ఉంది. తనకు సరైన ఆధారం లేని మాటను నిజమని నమ్మి చెప్పినా అది తప్పుడు ప్రకటనే, ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకు వస్తుంది. రెండు: "మెకానిక్‌ని తెచ్చి చూపించుకోవలసింది." ఇక్కడ జాగ్రత్త. మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకోగలిగి ఉంటే రద్దు కుదరదని సెక్షన్ 19 మినహాయింపు చెబుతుంది. అయితే అది తప్పుడు ప్రకటనకూ, మౌనంతో చేసిన మోసానికీ వర్తిస్తుంది గానీ సూటిగా చెప్పిన అబద్ధానికి కాదు. అందుకే ఆ వాట్సాప్ మెసేజ్ మీ కేసుకు ఆయువుపట్టు. ఫోన్ మార్చకండి, ఆ చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం దానితో పాటు సర్టిఫికెట్ కావాలి, అది మీ లాయరు తయారు చేయిస్తారు.

ఇప్పుడు మీరు ఒకటి తేల్చుకోవాలి. బండి తిరిగిచ్చి లక్షా నలభై వేలూ అడుగుతారా, లేక బండి ఉంచుకుని బాగుచేయించిన ఖర్చు అడుగుతారా? తిరిగిచ్చేటట్టయితే ఇంజన్‌లో ఒక్క వాషరు కూడా మార్చకూడదు. ఒప్పందం రద్దు చేసుకున్నవాడు తీసుకున్నదాన్ని తిరిగి అప్పగించాలి. పెద్ద కార్బురేటరూ కొత్త సైలెన్సరూ వేసిన బండిని పట్టుకెళ్ళి "ఇదిగో మీ బండి" అంటే వాళ్ళు నవ్వుతారు. ఉంచుకునేటట్టయితే పాత స్థితికి తేవడానికైన ఖర్చు నష్టపరిహారంగా అడగొచ్చు. బోరు, పిస్టన్, రింగులు, గ్యాస్కెట్లు, కూలీ వరకూ సరే. మీ సరదాకు వేయించుకునే సామాను వాళ్ళ నెత్తిన వేయలేరు. మెకానిక్‌ చేత రెండు బిల్లులు విడివిడిగా రాయించండి. ఒకే బిల్లులో యాభై ఐదు వేలని రాయించుకుని వస్తే కోర్టులో ఆ మొత్తమే అనుమానంలో పడుతుంది.

నా మాట అడిగితే, తిరిగిచ్చెయ్యండి. కారణం ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ఏది ఎంచుకున్నా వరస ఇది. పగటి వెలుతురులో వీడియో తీయండి: ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు, నిండుగా ఉన్న ఆయిల్ ట్యాంకు, దాని కింద ట్యూబు, ఆ ట్యూబుకి బిగించిన బోల్టు. ఎయిర్ ఫిల్టరు కూడా తీసి చూపించండి. మీ ఉద్దానం ప్రాంతపు ఇసుక నేలల్లో నడిపారు గనక "ఫిల్టరు శుభ్రం చేయక ఇసుక పీల్చి పోయింది" అనే వాదన తప్పకుండా వస్తుంది. మీ మెకానిక్ కాక ఇంకొకరి చేత, వీలైతే మెకానికల్ ఇంజనీరు చేత, చూసినది చూసినట్టు రాయించి సంతకం తీసుకోండి. తర్వాత లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపించండి: పదిహేను రోజుల్లో వచ్చి బండి చూసుకోవచ్చు, రాకపోతే ఇంజన్ విప్పుతాను అని. గడువు దాటాక విప్పినా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు. చేతికిచ్చిన యాభై వేలకు రసీదు లేదు కాబట్టి, నోటీసులో మొత్తం ధర లక్షా నలభై వేలని స్పష్టంగా రాయించండి. వాళ్ళు జవాబులో దాన్ని కాదనకపోతే మీకు మంచిదే.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చా అంటే, అంత సులువు కాదు. రిసార్టు వాళ్ళ వ్యాపారం బండ్లు అమ్మడం కాదు, తమ పాత సామాను వదిలించుకున్నారంతే. పైగా మీరు కొన్నది తోట పనికి, అది వ్యాపారం కాదు, స్వయం ఉపాధి కోసమేనని మీరు చూపించాలి. వాళ్ళు తరచూ పాత ఏటీవీలు అమ్ముతుంటే సంగతి వేరు. ముందు శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టి, కేసు వేయక మునుపే లోక్ అదాలత్‌లో పిలిపించండి. ఖర్చుండదు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. అక్కడ తేలకపోతే సివిల్ దావా, గడువు మూడేళ్ళు. పోలీస్ స్టేషన్ మొదటి మెట్టు కాదు. డబ్బు వసూలుకు క్రిమినల్ కేసును వాడుకుంటున్నారని సుప్రీంకోర్టు చాలాసార్లు మందలించింది.

ఇక కాగితాలు. ఈ మోడల్ తయారీ 2006తో ఆగిపోయింది, మన షోరూముల్లో అమ్మిన బండి కాదు. అంటే ఎవరో విదేశం నుంచి తెచ్చారు. మూడేళ్ళు దాటిన పాత వాహనాలను మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి కాగితం, ఉందా అని నోటీసులోనే అడగండి. అది లేకుండా వచ్చిన బండి అయితే కస్టమ్స్ వాళ్ళు ఎవరి దగ్గర దొరికితే వాళ్ళ దగ్గరే పట్టుకుంటారు. బండి అమ్మే హక్కు తమకుందని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 14 ప్రకారం అమ్మినవాళ్ళు హామీ ఇచ్చినట్టే, నోటితో అన్నా అనకపోయినా.

రిజిస్ట్రేషన్ విషయంలో ఆశ పెట్టుకోకండి. రోడ్డు మీద నడవడానికి పనికొస్తుందని తయారీదారు లేదా దిగుమతిదారు పరీక్ష చేయించి తెచ్చుకోవలసిన ఆమోదం ఈ బండికి లేదు. ఆ కాగితం లేకుండా ఆర్టీవో ఆఫీసులో నంబరు రాదు. "నేను చేయిస్తాను" అనేవాడికి అడ్వాన్సు ఇవ్వకండి. నంబరు లేకుండా రోడ్డెక్కితే మొదటిసారే రెండు వేల నుంచి ఐదు వేల దాకా జరిమానా. ఇన్సూరెన్స్ లేనందుకు వేరే. ఎవరికైనా తగిలితే ప్రమాద కేసుల ట్రిబ్యునల్ వేసే పరిహారం మొత్తం మీ ఇంటి నుంచే పోతుంది. అది తోట అమ్మించేంత కూడా కావచ్చు.

"తోటలోనే కదా తిప్పేది" అంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 బహిరంగ ప్రదేశాన్ని మాత్రమే అనలేదు, "మరే ఇతర ప్రదేశంలో" అని కూడా అంది. కాబట్టి తోటలో ఉన్నంత మాత్రాన సరిపోదు. అసలు మీది రోడ్డుకు అనువైన వాహనమే కాదని నిలబెట్టుకోవాలి. ఇరవై ఐదు సీసీ లోపు మినహాయింపు ఒకటుంది గానీ, అది నాలుగు చక్రాలకంటే తక్కువున్న వాటికే. ఈ మధ్య 2025లో విశాఖ స్టీల్ ప్లాంట్ లోపల మాత్రమే తిరిగిన బండ్లకు వాహన పన్ను కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అది పన్ను కేసు, పైగా అక్కడ ప్రహరీ గోడ ఉంది, గేటు దగ్గర కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్ కాపలా ఉంది. మీ తోట చుట్టూ గట్టూ ముళ్ళకంచే ఉండి, మధ్యలోంచి ఊరివాళ్ళ దారి పోతుంటే ఆ తీర్పు మీకు అతికించలేం. ఇంకో సంగతి. హెడ్‌లైటు, ఇండికేటర్లు, హారను, నంబరు ప్లేటు బిగించారనుకోండి, "ఇది రోడ్డు బండి కాదు" అన్న మీ వాదనను మీ చేత్తోనే కొట్టేసుకున్నట్టు. చీకట్లో పనికి ముందు ఒక లైటు చాలు.

స్కూటర్ నంబరు సలహా ఇచ్చినాయనతో ఈ విషయం ఇంకెప్పుడూ మాట్లాడకండి. అది జరిమానాతో పోయేది కాదు, మోసం, ఫోర్జరీ దాకా వెళ్తుంది. ఆ స్కూటర్ ఎవరి పేరున ఉందో వాళ్ళూ ఇరుక్కుంటారు.

అబ్బాయి విషయంలో ఒక్కటే. పదహారేళ్ళవాడు రోడ్డు మీద ఈ బండితో పట్టుబడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఎ కింద ముద్దాయి మీరు. మూడేళ్ళ దాకా జైలు, ఇరవై ఐదు వేల జరిమానా. వాడికి ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. బారువ బీచ్ అసలే వద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆ ఇసుకలో గుడ్లు పెడతాయి. వన్యప్రాణి చట్టంలో అవి మొదటి షెడ్యూలులో ఉన్నాయి, గుడ్లను పాడుచేయడం కూడా వేట కిందకే వస్తుంది, శిక్ష మూడేళ్ళకు తగ్గదు. చక్రం కింద ఏముందో పైనుంచి కనపడదు.

ఇంత చెప్పాక కూడా బండి ఉంచుకుంటానంటే, పదిహేను రోజులయ్యాక విప్పించండి. సైలెన్సరు మారిస్తే కార్బురేటరులో జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్క) కూడా దానికి తగ్గట్టు మార్చాలి. లేకపోతే గాలికి తగ్గ పెట్రోలు అందక, వేడెక్కి మళ్ళీ పిస్టన్ పోతుంది, ఈసారి అడగడానికి ఎవరూ ఉండరు. రిజిస్టరైన బండ్లకు కంపెనీ ఇచ్చినదాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో గట్టిగా చెప్పింది. మీ బండికి ఆర్సీ లేదు కాబట్టి ఆ ఇబ్బంది తోట లోపల రాదు గానీ, చప్పుడు పెరిగితే పక్క తోటవాళ్ళు ఫిర్యాదు చేస్తారు. నేనైతే సైలెన్సరు ముట్టను. కొత్త పంపు వేయిస్తే ట్యాంకులో ఆయిల్ పోసుకోండి, లేదంటే పాత ట్యాంకు పూర్తిగా తీసేయించండి, రేపు మీ దగ్గర కొనేవాడికి మీరు ఇదే పని చేయకుండా.

విప్పిన రోజున దగ్గరుండండి. గీతలు పడిన పిస్టన్, రింగులు, ఆ బోల్టు కవర్లో వేసి తేదీ రాసి బీరువాలో పెట్టండి. బోల్టు చిన్నదే కదా అని మెకానిక్ పాత సామాన్ల డబ్బాలో పడేస్తాడు, పడనివ్వకండి.