కప్పు ఊడే కారా, టర్బో కారా?

ప్రశ్న: జపాన్ నుంచి దిగుమతైన 1990ల టయోటా సుప్రాలు రెండు చూశాను. ఒకటి టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టి శక్తి పెంచే పరికరం) లేని ఎస్‌జెడ్ రకం, పైకప్పు ఊడదీసే ఏరోటాప్ ఆప్షన్‌తో. రెండోది మామూలు కప్పున్న ఆర్‌జెడ్, కానీ వేలం షీటులో, అంటే జపాన్ వేలంలో బండి పరిస్థితి రాసిచ్చే కాగితంలో, గ్రేడు 'ఆర్' అని ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఆర్‌జెడ్ అనగానే నా మనసూ లాగుతుంది. దానిది ట్విన్ టర్బో, అంటే రెండు టర్బోలు, 280 హార్స్‌పవర్. ఎస్‌జెడ్‌ది 225. రెండూ మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్లే కదా, టర్బో తర్వాత పెట్టించుకుందాంలే అనుకోకండి. ఆ దారిలో డబ్బుకి అంతుండదు.

అయితే 'ఆర్' అంటే దెబ్బతిని బాగుచేసిన బండి. షీటులో కారు బొమ్మ ఉంటుంది. 'ఎక్స్‌ఎక్స్' ఉన్నచోట భాగం మార్చారని, 'డబ్ల్యూ' ఉంటే రిపేరు మచ్చ అని. బోల్టులతో బిగించే బానెట్ మారిస్తే నాకేం టెన్షన్ లేదు. వెల్డింగు చాసిస్ దాకా వెళ్లిందా అన్నదే అసలు ప్రశ్న. లిఫ్ట్ ఎక్కించి కింద నుంచి చూపించమనండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి.

ఏరోటాప్ సంగతా? అలాంటి కప్పున్న పాత బండి మోజుపడి కొన్నాను. తొలి వానకే ఒళ్లో నీళ్లు! రబ్బర్లు ఎండిపోయాయి. మీరు మాత్రం సీట్ల కింద కార్పెట్ ఎత్తి, తుప్పు లేకపోతేనే బేరమాడండి. షీటులో తుప్పుకి గుర్తు 'ఎస్'.