హెర్-2 ‘2 ప్లస్’: పాజిటివా, నెగటివా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఆకలి లేక బరువు తగ్గుతుంటే ఎండోస్కోపీ చేసి కడుపులో క్యాన్సర్ అన్నారు. కాలేయానికీ పాకింది. బయాప్సీ రిపోర్టులో ‘హెర్-2: 2 ప్లస్, ఫిష్ పరీక్ష చేయించాలి’ అని రాశారు. ఇన్ని పరీక్షలయ్యాక మళ్లీ ఇది అవసరమా? జన్యువుల జబ్బంటున్నారు, మాకూ వస్తుందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఫిష్ పరీక్ష తప్పకుండా చేయించండమ్మా. మీ నాన్నగారికి ఏ మందు ఇవ్వాలో తేలేది దానితోనే.

హెర్-2 జన్యువు 17వ క్రోమోజోము మీద ఉంటుంది. మామూలు కణంలో దానికి రెండే ప్రతులు. కణాన్ని పెరగమని పురమాయించే ప్రొటీన్ దీని నుంచే తయారవుతుంది. కడుపు క్యాన్సర్ వచ్చిన ప్రతి ఐదారుగురిలో దాదాపు ఒకరి కణితిలో ఈ జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగిపోతాయి. దీన్నే జీన్ యాంప్లిఫికేషన్ అంటారు. అప్పుడు కణం పైపొర నిండా ఆ ప్రొటీనే. పెరగమన్న ఆదేశం ఇక ఆగదు.

మొదటి పరీక్షలో బయాప్సీ ముక్కకు రంగు పట్టించి ప్రొటీన్ ఎంతుందో చూస్తారు. 3 ప్లస్ అయితే పాజిటివ్, సున్నా లేదా 1 ప్లస్ అయితే నెగటివ్. 2 ప్లస్ అంటే ఇంకా తేలలేదని. దాన్ని నెగటివ్ అనుకుని వదిలేసి, నెలల తర్వాత నా దగ్గరికి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఆ పొరపాటు మీరు చేయకండి. ఫిష్‌లో జన్యువు ప్రతులనే మెరిసే చుక్కలుగా మార్చి, సూక్ష్మదర్శిని కింద లెక్కపెడతారు. రెండు చుక్కలు ఉండాల్సిన చోట గుత్తులు గుత్తులుగా కనిపిస్తే ఇక సందేహం ఉండదు.

చాలాసార్లు మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేదు, మైనంలో భద్రపరిచిన పాత ముక్క సరిపోతుంది. అయితే కడుపు కణితిలో ఒకచోట హెర్-2 ఎక్కువగా ఉండి, పక్కనే లేకపోవచ్చు. అందుకే ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయడం మంచిది. ఒకటి రెండే తీసి ఉంటే మీ డాక్టరుతో మాట్లాడండి.

ఫిష్ పాజిటివ్ వస్తే కీమోతోపాటు, హెర్-2 ప్రొటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇస్తారు. 2010లో వెలువడిన టోగా అధ్యయనంలో, హెర్-2 ప్రొటీన్ బాగా ఉన్నవారి మధ్యస్థ జీవితకాలం కీమో ఒక్కటే ఇస్తే 11.8 నెలలు, ఈ మందు కలిపితే 16 నెలలు. జబ్బు పూర్తిగా పోతుందని చెప్పలేను. కానీ ఆ నాలుగు నెలలు ఏ ఇంట్లోనైనా చిన్నవి కావు. ఈ మందు గుండె మీద ప్రభావం చూపవచ్చు కాబట్టి ముందు ఎకో తీయిస్తారు, మధ్యమధ్యలోనూ చూస్తారు.

ఇక మీ భయం గురించి. ఈ మార్పు కణితిలో పుట్టింది, వారసత్వంగా మీకు రాదు. కుటుంబంలో ఇంకెవరికైనా చిన్న వయసులో కడుపు క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం జన్యు సలహా తీసుకోవాలి. మీరు, మీ తోబుట్టువులు హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష చేయించుకోండి. ఆ బ్యాక్టీరియా కడుపు క్యాన్సర్‌కు ముఖ్య కారణం, యాంటీబయాటిక్స్ కోర్సుతో దాన్ని వదిలించుకోవచ్చు.