ఇంట్లో పిల్లులన్నీ తుమ్ముతున్నాయి... కూనల కళ్ళు కాపాడుకునేదెలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. నాలుగెకరాల మిరప, రెండు పాడి గేదెలు ఉన్నాయి. వడ్ల బస్తాలకు, తవుడు బస్తాలకు ఎలుకల బెడద ఎక్కువని ఆరు పిల్లుల్ని సాకుతున్నాం. రెండు నెలల క్రితం గుంటూరులో మా ఆడపడుచు ఇంటి నుంచి ఒక కూనను తెచ్చాం. పది రోజులు తిరక్కుండానే ఇంట్లో పిల్లులన్నీ తుమ్మడం మొదలుపెట్టాయి. తగ్గిందనుకుంటే మళ్ళీ వస్తోంది. పెద్ద పిల్లి పిల్లలు పెట్టిన ప్రతిసారీ, నెల దాటేసరికి కూనల కళ్ళు పుసులు కట్టి మూసుకుపోతాయి. ఈసారి నాలుగింటిలో రెండు చనిపోయాయి, ఒకదాని కన్ను తెల్లబడింది. మందుల షాపులో ఇచ్చిన కంటి చుక్కలు వేస్తున్నాం. మా పాప వీటిని పక్కలో వేసుకుని పడుకుంటుంది. పాపకు, గేదెలకు అంటుకుంటుందా? అన్నింటినీ ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందు ఆ కంటి చుక్కలు ఈ పూటే ఆపేయండి. అట్టపెట్టె మీద మందు పేరు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్... వీటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. వేసిన మర్నాటికే ఎరుపు తగ్గుతుంది కాబట్టి మంచి మందే అనిపిస్తుంది. కానీ మీరు రాసిన జబ్బులో, అంటే పిల్లుల హెర్పిస్ వైరస్ జబ్బులో, నల్లగుడ్డు పైపొర మీద పుండు పడుతుంది. దాని మీద స్టెరాయిడ్ పడితే పుండు లోతుకు దిగి, కన్ను చిల్లు పడే ప్రమాదం ఉంది. కన్ను తెల్లబడిన కూనను రేపే డాక్టరుకు చూపించండి. పశువైద్యులం మేము ఆకుపచ్చగా మెరిసే ఒక రంగు చుక్క వేసి నీలి లైటు కింద చూస్తాం. పుండు ఉన్నచోట రంగు పట్టుకుంటుంది. ఈ వైరస్ చేసిన పుండు చాలాసార్లు పీకిన మిరప మొక్క వేరులా, సన్నటి పాయలు పాయలుగా కనిపిస్తుంది. ఆ ఆకారం కంటపడితే జబ్బేమిటో ఇక అనుమానించనక్కర్లేదు.

లక్షణాలను బట్టి ఇది పిల్లుల హెర్పిస్ వైరస్. పాపకు అంటదు, గేదెలకూ అంటదు. గేదెలకు వచ్చే ఐబీఆర్ అనే శ్వాసకోశ జబ్బు వైరస్ కూడా హెర్పిస్ కుటుంబంలోదే గాని, ఆ వైరస్ వేరు, ఇది వేరు. ఇది పిల్లిజాతిని దాటి రాదు. ఆ టెన్షన్ పెట్టుకోకండి.

తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎందుకు వస్తోందంటే, అసలు అది పోవడం లేదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళకు ఎన్నో ఏళ్ళ తర్వాత అక్కి రావడం మీరు చూసే ఉంటారు. ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ నరాల్లో దాక్కుని ఉంటుంది, ఒంట్లో బలం తగ్గినప్పుడు అక్కిగా బయటపడుతుంది. పిల్లుల్లోనూ అంతే. ఒకసారి సోకిన పిల్లుల్లో ఎక్కువ భాగం జీవితాంతం దాన్ని ముఖానికి సంబంధించిన నరాల్లో మోస్తూనే ఉంటాయి. పిల్లికి బెదురో బెంగో కలిగినప్పుడు వైరస్ లేస్తుంది. బెదిరిన వారం రోజుల తర్వాత ముక్కు నుంచి, కంటి నుంచి, లాలాజలం నుంచి బయటికి రావడం మొదలై, ఒకటి రెండు వారాలు వస్తూనే ఉంటుంది. ఆ సమయంలో పిల్లి తుమ్మకుండా బాగానే కనిపించవచ్చు కూడా.

అందుకే మీరు ఒక పని చేయాలి. గోడ మీది క్యాలెండర్‌లో ఏ పిల్లి ఏ రోజు తుమ్మిందో గుర్తు పెట్టండి. గుర్తు పెట్టిన రోజు నుంచి వారం, పది రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజుల్లో ఇంట్లో ఏం మారిందో చూడండి. కొత్త కూన రావడం, ఇంటికి సున్నాలు వేయడం, చుట్టాలు దిగడం, దీపావళి టపాసులు, రెండు మగ పిల్లుల కొట్లాట... ఏదో ఒకటి కనిపిస్తుంది. మందు ఏ షాపులోనైనా దొరుకుతుంది, ఈ కారణం మాత్రం మీ ఇంట్లోనే దొరకాలి. మీ ఇంట్లో ఈసారి మంట రాజేసింది ఆ కొత్త కూన రాకే అనుకుంటున్నాను. అది వైరస్‌ను వెంట తెచ్చి ఉండవచ్చు, లేదా దాని రాకతో పాత పిల్లులు బెదిరి వాటిలో ఉన్నదే లేచి ఉండవచ్చు. మీ పెద్ద పిల్లి సంగతి చూస్తే వైరస్ మీ ఇంట్లో ముందునుంచే ఉంది.

మిరప సంగతి కూడా చెప్పాలి. కల్లంలో కాయలు ఎండబెట్టి తాలు ఏరే రోజుల్లో మనుషులే తుమ్ముతారు, పిల్లులు తుమ్మవా? ఘాటు వల్ల వచ్చే తుమ్ములైతే అక్కడి నుంచి తీసేయగానే తగ్గుతాయి, చిక్కటి పుసి కట్టదు. కానీ జబ్బున్న పిల్లికి ఆ దుమ్ము పుండు మీద కారమే. ఆ నెలల్లో వాటిని కల్లం వైపు రానివ్వకండి.

ఇక పెద్ద పిల్లి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే, చక్కదిద్దుకోగలిగిందీ ఇదే. పిల్లలు పెట్టి పాలివ్వడం తల్లికి పెద్ద శ్రమ. ఆ శ్రమకు, పిల్లలు పెట్టిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య దానిలో వైరస్ లేస్తుంది. సరిగ్గా అప్పుడే కూనలకు జున్నుపాల ద్వారా వచ్చిన రక్షణ తరిగిపోతూ ఉంటుంది. తల్లి వాటిని నాకుతుంది, నాకిన ప్రతిసారీ జబ్బు అంటిస్తుంది. నెల దాటేసరికి కూనల కళ్ళు మూసుకుపోవడానికి కారణం అదే, దిష్టి కాదు. కూనలు అన్నం ముట్టడం మొదలుపెట్టాక, నాలుగైదు వారాల వయసులో తల్లి నుంచి వేరుచేసి మరో గదిలో పెంచితే కొన్నింటిని కాపాడుకోవచ్చు. కానీ ఆ పిల్లికి మళ్ళీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమనే నా సలహా. పాలు మానేసి, తుమ్ములు తగ్గి, ఒళ్ళు కాస్త కోలుకున్నాక చేయించండి. మగ పిల్లులకూ చేయిస్తే కొట్లాటలు తగ్గుతాయి, తుమ్ములూ తగ్గుతాయి.

ఇప్పుడు జబ్బు మీదున్న వాటి సంగతి. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి, ఎండిన పుసి మీద నిమిషం ఆనించి ఉంచండి. మెత్తబడ్డాక ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి. ఒక్కో కంటికి ఒక్కో దూది. గోటితో గీకి విడదీయకండి. పిల్లి వాసన చూసి తింటుంది, ముక్కు మూసుకుపోతే ఎదురుగా కూడు ఉన్నా తినదు. ఉడికించిన చేప ముక్కను గోరువెచ్చగా పెట్టి చూడండి. పెద్ద పిల్లి రెండు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది, కూనకైతే ఒక్క రోజే ఎక్కువ. మన దగ్గర వేసవిలో వాటి ఒంట్లో నీరు కూడా త్వరగా తగ్గిపోతుంది. మెడ మీద తోలు పట్టి లాగి వదలండి, వెంటనే సర్దుకోకుండా మడతపడి నిలబడితే సెలైన్ ఎక్కించాల్సిందే. స్నానాల గదిలో వేడినీళ్ళ బకెట్ పెట్టి తలుపు మూసి, ఆవిరిలో పది నిమిషాలు కూర్చోబెడితే ముక్కు వదులవుతుంది. ఆ నీళ్ళలో కర్పూరం, నీలగిరి తైలం, బామ్ ఏదీ వేయకూడదు, అవి పిల్లులకు విషం. జ్వరమని పారాసిటమాల్ అసలే వద్దు. సగం మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది.

వైరస్ మీద పనిచేసే మాత్ర ఫామ్‌సైక్లోవిర్. బరువు చూసి డాక్టరే మోతాదు రాయాలి. పేరు దగ్గరగా ఉంది కదా అని అసైక్లోవిర్ మాత్రలు మింగించకండి, పిల్లులు తట్టుకోలేవు. పుసి పచ్చగా చిక్కబడితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు. ఆ మాత్ర వేశాక కాసిని నీళ్ళు తాగించడం మరవొద్దు, గొంతులో అంటుకుంటే అన్నవాహిక పుండుపడి మూసుకుపోతుంది. ఈ జబ్బుకు మంచిదని లైసిన్ అనే పోషక పొడి కొనమని ఎవరైనా చెబితే ఆ డబ్బు చేపలకు పెట్టండి. పరీక్షల్లో దాని వల్ల ఉపయోగం కనబడలేదు.

జబ్బువాటిని ఒక గదిలో ఉంచి, గిన్నెలు, గుడ్డలు వేరుగా పెట్టండి. ముందు బాగున్న వాటికి పెట్టి, చివర్లో జబ్బువాటి దగ్గరికి వెళ్ళండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని చీర మార్చుకోండి. ఈ వైరస్ బయట తడిలో 18 గంటలకు మించి బతకదు, మామూలు సబ్బుకే చస్తుంది. ఇలాగే తుమ్ములు తెప్పించి నాలుక మీద పుండ్లు వేసే కాలిసి వైరస్ మాత్రం మొండిది, అది వారాల తరబడి నిలుస్తుంది. రెండింటికీ సరిపోయేలా, లీటరు నీళ్ళకు ఒక చెంచా బ్లీచింగ్ పౌడర్ కలిపి నేల, గిన్నెలు కడిగి, పది నిమిషాలాగి మంచినీళ్ళతో తొలిచి ఆరబెట్టండి. ఫినాయిల్, డెట్టాల్ లాంటివి పిల్లులు తిరిగే చోట వద్దు. కాళ్ళకు అంటింది నాకి జబ్బుపడతాయి. ఆరు పిల్లులకు ఒకే పళ్ళెం పెట్టే అలవాటుంటే ఈ రోజుతో మానేసి, దూరదూరంగా ఆరు పెట్టండి.

కోలుకున్నాక అన్నింటికీ ట్రైక్యాట్ అనే టీకా వేయించండి. కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయాలి. టీకా ఈ వైరస్‌ను పూర్తిగా ఆపలేదు, జబ్బు ముదరకుండా చూస్తుంది. ప్రాణాలు తీసే పాన్‌ల్యూకోపీనియా అనే మరో వైరస్ జబ్బు నుంచి మాత్రం గట్టిగా కాపాడుతుంది. పాప పక్కలో పడుకునే పిల్లులు కాబట్టి రేబిస్ టీకా కూడా తప్పనిసరి. ఇకముందు ఏ కొత్త పిల్లి వచ్చినా మూడు వారాలు వేరే గదిలో ఉంచాకే మిగతావాటితో కలపండి.

వదిలేసి రమ్మన్నవాళ్ళ మాట వినకండి. కొత్తచోట బెదిరి వాటిలో వైరస్ మళ్ళీ లేస్తుంది, అక్కడి పిల్లులకూ అంటుతుంది. పెంచుకున్న జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. పైగా మీ వడ్ల బస్తాల్ని ఇన్నాళ్ళూ కాసింది అవే కదమ్మా.

రేపు కూనను తెచ్చేటప్పుడు మూత ఉన్న బుట్టలో పెట్టి, గాలి ఆడేలా పల్చటి గుడ్డ కప్పండి. బస్సులో ఎండపడే వైపు కూర్చోకండి. గుంటూరులో కంటి పరీక్షకు వీలు కాకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకురండి. వాడిన చుక్కల సీసా, అట్టపెట్టె, మీరు గుర్తులు పెట్టిన క్యాలెండర్ కాగితం కూడా వెంట తెచ్చుకోండి.