పేదలకు డబ్బు చేతికివ్వాలా, పని చూపించాలా?

మీ ప్రశ్న: పేద దేశాల్లో ప్రభుత్వం డబ్బు పంచడం మేలా, ఉపాధి పనులు పెట్టడం మేలా? ఆ గుంతలు తవ్వితే ఎవరికి లాభం?

గుంతల సంగతి కాసేపు పక్కన పెట్టండి. మాది తెలంగాణలో పాత మహబూబ్‌నగర్ జిల్లా నారాయణపేట వైపు. మా అమ్మానాయినలు గుంపు మేస్త్రీ కింద వలస పోయినవాళ్ళే. మొదట కాలువ పనులకు, తర్వాత పూణేలో బిల్డింగు పనులకు. పంట ఎండిపోయాక మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి ఆలుమగలిద్దరికీ కలిపి అడ్వాన్సు ఇచ్చేవాడు. అది చేతిలో పడకముందే షావుకారు వడ్డీకో, నీళ్ళు పడని బోరు అప్పుకో అయిపోయేది. ఇక కూలి రేటు మేస్త్రీ చెప్పిందే. ఊళ్ళో ఇంకో పని ఉంటే కదా బేరమాడేది! పీర్ల పండుగకు వచ్చి లెక్క చూస్తే మళ్ళీ బాకీయే తేలేది.

ఆర్థర్ లూయిస్ అనే ఆర్థికవేత్త 1954లో రాసింది దాదాపు ఇదే. ఊళ్ళో బతుకుదెరువు ఎంత తక్కువైతే, పట్నానికి అంత చవగ్గా మనుషులు దొరుకుతారు.

2006లో ఉపాధి హామీ మొదటి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. మా దగ్గర దాన్ని కరువు పని అంటారు. ఆ కూలితో ఎవరూ మేడలు కట్టలేదు, వలసా ఆగలేదు. కానీ "ఈ రేటుకైతే మేం రాం" అని మేస్త్రీ మొహం మీద చెప్పడం అప్పుడే విన్నాను. పత్తి ఏరే కైకిలి, అంటే రోజు కూలి కూడా పెరిగింది. మా పెద్దనాయిన దానికి ఇప్పటికీ తిడతాడు. మూడెకరాల రైతు, ఆయన బాధా అబద్ధం కాదు.

ఇది మా ఊరి ముచ్చటే కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలిని స్మార్ట్‌కార్డులతో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఏ మండలాలకు ముందు ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో ఫలితం చూశారు. చెల్లింపులు మెరుగైన చోట ఉపాధి కూలీల ఇళ్ళ సంపాదన 14 శాతం పెరిగింది. పెరిగిన దాంట్లో 86 శాతం ఉపాధి పని డబ్బు కాదు, బయటి పనుల్లో సంపాదించినది, అక్కడా కూలి పెరిగింది మరి. గుంతల వల్ల లాభం ఎవరికంటే, గుంత తవ్వనివాళ్ళకు కూడా.

అయితే కూలి టైముకు పడాలి. నెలల తరబడి ఆగితే ఇదంతా ఉత్తదే. కిరాణా కొట్టువాడు అన్ని రోజులు ఉద్దెర పెట్టడు, మళ్ళీ మేస్త్రీ అడ్వాన్సే దిక్కు.

డబ్బు పంచడమంటారా, అది ఎవరి చేతికి పోతుందో చూడాలి. 2018లో తెలంగాణలో రైతులకు పెట్టుబడి సాయంగా రైతుబంధు ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలతో మొదలైంది. భూమి పాస్‌బుక్కు ఉన్నవాళ్ళకు వచ్చింది. కౌలుకు దున్నేవాళ్ళకు, భూమి లేని కూలీలకు రాలేదు. ఎక్కువ ఎకరాలుంటే ఎక్కువ డబ్బు, పేదరికం తగ్గించే లెక్క ఇదేనా అని నాకు అనుమానమే.

అట్లని నగదు వద్దనను. పింఛను నగదుగానే ఇవ్వాలి, మా నానమ్మను ఎండలో మట్టి మొయ్యమనలేం కదా.