ద్వారకానగర్ లెక్కతో అమెరికాలో షాపు తీసుకోవద్దు

విశాఖ నుంచి వచ్చి ఇక్కడ టిఫిన్ సెంటరో, మిఠాయి దుకాణమో పెట్టాలనుకునేవాళ్లకు మొదట వచ్చే సందేహం: "అద్దె చదరపు అడుగుకి 24 డాలర్లని రాశారు. నెలకా, ఏడాదికా?" చాలా రాష్ట్రాల్లో ఏడాదికే. 2,000 అడుగులకి ఏడాదికి 48,000, అంటే నెలకి 4,000. కాలిఫోర్నియాలో మాత్రం నెల లెక్కన చెప్పడం మామూలు. ఏదైనా సరే, కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి.

మనవాళ్లు దెబ్బతినేది ఆ తర్వాత. ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో షట్టరు తీసుకుంటే ఓనరు అద్దె, అడ్వాన్సు చెబుతాడు. కరెంటు మనది, జీవీఎంసీ ఆస్తిపన్ను మామూలుగా ఆయనది. ఇక్కడ అద్దె పక్కన 'ఎన్‌ఎన్‌ఎన్' అని ఉంటుంది. ట్రిపుల్ నెట్ అంటారు. భవనం ఆస్తిపన్ను, బీమా, ఉమ్మడి ఖర్చులు (పార్కింగ్ లైట్లు, ఊడ్పు, మంచు తీయడం, దీన్నే క్యామ్ అంటారు), ఈ మూడింటిలో మీ వాటా అద్దెకు అదనం. అది అడుగుకి ఏడాదికి 9 డాలర్లయితే మీ నెల ఖర్చు 4,000 కాదు, 5,500.

రెండు ప్రపోజల్స్ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ 2,000 అడుగులు, ఐదేళ్లు. మొదటిది అడుగుకి 24, ఏటా 3 శాతం పెంపు, ఎన్‌ఎన్‌ఎన్ 9, మూడు నెలల అద్దె మాఫీ, లోపలి పనులకి ఓనరు అడుగుకి 20 ఇస్తాడు. రెండోది అడుగుకి 22, ఏటా 4 శాతం, ఎన్‌ఎన్‌ఎన్ 13, ఒక నెల మాఫీ, పనులకి ఏమీ లేదు. చూడగానే రెండోదే చౌక అనిపిస్తుంది. కూడి చూడండి. మొదటిదానికి ఐదేళ్ల అద్దె మాఫీ పోగా 2,42,838, ఎన్‌ఎన్‌ఎన్ 90,000, ఓనరిచ్చే 40,000 తీసేస్తే నికరంగా 2,92,838 డాలర్లు. రెండోదానికి అద్దె 2,34,651, ఎన్‌ఎన్‌ఎన్ 1,30,000, మొత్తం 3,64,651. దాదాపు 72,000 డాలర్లు ఎక్కువ! ఏ ప్రపోజల్ వచ్చినా ఇలా గడువు మొత్తానికి ఒక్క అంకె తేల్చాకే మాట్లాడండి.

పైగా ఈ లెక్క ఎన్‌ఎన్‌ఎన్ ఐదేళ్లూ కదలదనుకుని వేసింది. కదులుతుంది. కాబట్టి గత మూడేళ్ల ఖర్చుల లెక్కలు అడిగి తీసుకోండి. మీ వాటా తేల్చడానికి మీ 2,000 అడుగుల్ని దేంతో భాగిస్తున్నారో చూడండి. షాపింగ్ సెంటర్ మొత్తం 40,000 అడుగులైతే మీ వాటా 5 శాతం. అందులో 10,000 ఖాళీగా ఉండి, అద్దెకిచ్చిన 30,000తోనే భాగిస్తే 6.67 శాతం. ఏడాది క్యామ్ 2,40,000 అయితే 12,000 కట్టాల్సినవాళ్లు 16,000 కడతారు. లీజులో "మొత్తం అద్దెకివ్వదగిన విస్తీర్ణం"తో భాగించాలన్న మాట పడేలా చూసుకోండి. ఓనరు అదుపులో ఉండే ఖర్చులు ఏటా 5 శాతం మించి పెరగకూడదని అడగండి. పన్నుకీ బీమాకీ ఆ పరిమితి మామూలుగా ఒప్పుకోరు, కానీ లెక్కలు తనిఖీ చేసుకునే హక్కు మాత్రం వదలకండి. కాలిఫోర్నియాలో ఇంకో జాగ్రత్త. 1978 నాటి ప్రొపొజిషన్ 13 వల్ల ఆస్తి పన్ను విలువ మామూలుగా ఏటా 2 శాతానికి మించి పెరగదు. భవనం చేతులు మారితే మాత్రం కొత్త విలువ కడతారు. మీ లీజు నడుస్తుండగా ఓనరు భవనం అమ్మేస్తే ఆ పెరిగిన పన్ను మీ మీద పడుతుంది. అలా పడకుండా ముందే రక్షణ అడగాలి.

మాఫీ నెలలు సాధారణంగా మూల అద్దెకే, ఎన్‌ఎన్‌ఎన్ అప్పుడూ కట్టాలి. వంటగది అంటే హుడ్ (పొయ్యి మీది పొగ లాగేది), మంటలార్పే వ్యవస్థ, గ్రీజ్ ట్రాప్ (మురుగునీటిలో జిడ్డు పట్టేది) కావాలి. సిటీ పర్మిట్లు, హెల్త్ డిపార్ట్‌మెంట్ తనిఖీ పూర్తయ్యేలోగా మాఫీ నెలలు కరిగిపోతాయి. అందుకని అద్దె మొదలయ్యే తేదీని తాళం ఇచ్చిన రోజుతో కాకుండా "పర్మిట్ వచ్చాక 120 రోజులు లేదా షాపు తెరిచిన రోజు, ఏది ముందైతే అది" అని అడగండి. ఇంతకుముందు రెస్టారెంటు నడిచిన చోటైతే హుడ్ అవీ సిద్ధంగా ఉండొచ్చు, అవి పనిచేస్తున్నాయో లేదో చూపించుకోండి. ఓనరిచ్చే డబ్బు కూడా ముందే చేతికి రాదు. పని పూర్తయ్యాక బిల్లులు, కాంట్రాక్టరు నుంచి బాకీ లేదన్న కాగితం ఇస్తేనే వస్తుంది. అప్పటిదాకా చేతి డబ్బే. పైకప్పు మీది ఏసీ యంత్రం మార్పు ఎవరి ఖర్చో కూడా అడగండి. ఎన్‌ఎన్‌ఎన్‌లో తరచూ అద్దెదారుడిదే.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది పర్సనల్ గ్యారంటీ. షాపు ఎల్‌ఎల్‌సీ (అప్పులు సొంత ఆస్తికి అంటకుండా పెట్టుకునే కంపెనీ) పేరున ఉన్నా, గ్యారంటీ మీద సంతకం పెడితే మూసేశాక మిగిలిన అద్దెకి మీ సొంత ఆస్తి బాధ్యత. మన దగ్గర అడ్వాన్సు వదులుకుని తాళం ఇచ్చేస్తే తెగిపోయే తగాదా ఇక్కడ అలా తెగదు. కొత్తగా వచ్చినవాళ్లకి క్రెడిట్ చరిత్ర లేదు కాబట్టి గ్యారంటీ పూర్తిగా తప్పించుకోవడం కష్టం. బాధ్యత 12 నెలల అద్దెకి మించకూడదని, రెండేళ్లు సక్రమంగా కడితే అది తగ్గాలని అడగండి. అదనపు డిపాజిట్ ఇచ్చైనా ఈ పరిమితి సాధించండి. దంపతులిద్దరి చేతా సంతకం పెట్టించమంటే ఒప్పుకోకండి. హెచ్‌1బీ వీసాలో ఉన్నవాళ్లు సొంత షాపులో పని చేయడం గురించి ఇమిగ్రేషన్ లాయరుతో ముందే మాట్లాడాలి.

లీజులోని వాడుక క్లాజులో (షాపులో ఏం నడపొచ్చో చెప్పే షరతు) "రెస్టారెంట్" ఒక్కటే రాయిస్తే తర్వాత స్వీట్లు, కేటరింగ్ పెట్టినప్పుడు చిక్కు. అదే సెంటర్‌లో ఇంకో ఇండియన్ దుకాణానికి, అలాంటి మరో షాపు రాకుండా ప్రత్యేక హక్కు ఉందేమో అడగండి. రెన్యువల్ నోటీసు సాధారణంగా గడువుకి ఆరు నెలల ముందే ఇవ్వాలి, ఒక్కరోజు దాటినా హక్కు పోవచ్చు. షాపు అమ్ముకునేటప్పుడు లీజు బదిలీకి ఓనరు అకారణంగా అడ్డుపడకూడదన్న మాట ఉండాలి.

బోర్డు మీద ఫోన్ నంబరున్న ఏజెంటు ఓనరు తరఫువాడు. మీ తరఫున వేరే బ్రోకరుని పెట్టుకోండి, కమిషన్ సాధారణంగా ఓనరే ఇస్తాడు. లీజుకన్నా ముందు ముఖ్యమైన షరతులు రాసిన రెండు మూడు పేజీల లెటర్ ఆఫ్ ఇంటెంట్ వస్తుంది. "దీనికి కట్టుబడాల్సిన పని లేదు" అని అందులో రాయించండి. పైవన్నీ బేరమాడాల్సింది అక్కడే. లాయరుకి ఆ పేజీలే మొదట చూపించండి.