బల్ల కింద మీ తల మీద పెట్టిన చెయ్యి

అమ్మా,

తైవాన్‌లోని హువాలియన్ దగ్గరి విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్న మీ అబ్బాయి తండ్రితో మాట్లాడడం మానేశాడని రాశారు. ఆయనేమో భూకంపాల దేశంలో చదివింది చాలు, వచ్చి కాకతీయ విశ్వవిద్యాలయంలో చేరమను, లేదా ఏదో ఒక ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరుగానైనా కుదురుకోమను అంటున్నారని, సంబంధాల వాళ్లు కూడా ‘అక్కడ భూకంపాలట కదా’ అని ఆరా తీస్తున్నారని, ఈ తండ్రీకొడుకులను ఎలా కలపాలో చెప్పమని అడిగారు.

సులువైనది ముందు తేల్చేస్తాను. తైవాన్‌లో ఉండాలా, తిరిగి రావాలా అన్నది అతనూ అతని గైడూ కూర్చుని నిర్ణయించుకోవలసిన సంగతి. అందులో మీరుగాని, మీవారుగాని, నేనుగాని చెప్పేది ఏమీ లేదు. ఆరా తీసే సంబంధం వాళ్లకు మన ములుగులోనూ భూమి కదిలిందని గుర్తు చేసి ఊరుకోండి.

నేను ఆగిపోయింది మీరు ఉత్తరం చివర ‘ఇదొక నవ్వులాట ముచ్చట’ అంటూ రాసిన నాలుగు వాక్యాల దగ్గర. అబ్బాయి చెల్లెలి పెళ్లికని హనుమకొండ వచ్చి ఉన్నాడు. 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు, పొయ్యి మీద పాలు వదిలేసి నిలబడిపోయిన మిమ్మల్ని అతను చెయ్యి పట్టుకుని డైనింగు టేబులు కిందికి లాగి, మీ తల మీద తన చెయ్యి అడ్డం పెట్టాడు. మీవారు మడత కుర్చీలోంచి లేవలేదు, పేపరూ దించలేదు. ఆ తరువాత పెళ్లిలో ఆ కథ పందిరంతా తిరిగింది. ‘తైవాన్ పోయి నేర్చుకున్నది బల్ల కింద దూరుడేనా?’ అని మీ మరిది అంటే అందరూ నవ్వారు. ‘నేనూ నవ్వాపుకోలేకపోయాను’ అని మీరే రాశారు. పెళ్లయిన మూడో రోజున, ఇంకా పది రోజుల సెలవు ఉండగానే, అతను టికెట్టు మార్చుకుని వెళ్లిపోయాడు.

తండ్రి నవ్వు అతనికి కొత్త కాదని మీ ఉత్తరం మొత్తం చెబుతూనే ఉంది. చిన్నప్పటి నుంచి దాన్ని దులుపుకుని తిరిగినవాడే. ఎవరి తల మీద చెయ్యి పెట్టాడో ఆ మనిషి నవ్వడం మాత్రం అతను ఊహించి ఉండడు. మీ ఇంట్లో తెగింది తండ్రీకొడుకుల మాట కాదమ్మా, మీకూ మీ అబ్బాయికీ మధ్య ఉన్న మాట. అతను మీతో రోజూ మాట్లాడుతున్నాడు కాబట్టి అది మీకు కనబడడం లేదు. ఏం మాట్లాడుతున్నాడో కూడా మీరే రాశారు: తిన్నాను, పడుకుంటున్నాను, బాగున్నాను.

అతను ఎక్కడి నుంచి వచ్చి ఆ బల్ల కింద దూరాడో ఒక్కసారి తలచుకోండి. అదే ఏడాది ఏప్రిల్ 3 ఉదయం ఎనిమిది కావస్తుండగా హువాలియన్ తీరంలో వచ్చిన భూకంపం తీవ్రత 7.2. 1999 సెప్టెంబరులో రెండు వేల మందికి పైగా చనిపోయిన భూకంపం తరువాత తైవాన్‌లో అంత పెద్దది అదే. అతని విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్ర భవనంలో రసాయనాలు ఒలికి మంటలు లేచాయి. అతని మూడేళ్ల నమూనాలు, నోటు పుస్తకాలు అందులోనే పోయాయని మీరే రాశారు. అప్పుడు మీ ఇంటి నుంచి వెళ్లిన మొదటి ప్రశ్న ‘డిగ్రీ ఎన్నేళ్లు వెనక్కి పోతుంది?’ అన్నది. మూడు వారాలైనా నిండకముందే, ఏప్రిల్ 22 సాయంత్రం మొదలుకొని మర్నాడు తెల్లవారేదాకా, నేల పదుల సార్లు కదిలింది. వాటిలో ఒకటి 6.3. అలాంటి రాత్రులు గడిపినవాడు దిండు పక్కన బూట్లు పెట్టుకుని పడుకుంటే మీరు ‘ఇదేం అలవాటు’ అని కసిరారు. పగిలిన గాజు మీద ఉత్త కాళ్లతో పరుగెత్తకుండా అక్కడివాళ్లు చేసే పని అది. నేల నిశ్చలంగా ఉన్నా ఊగినట్టే అనిపించే స్థితికి జపానువాళ్లు ‘జిషిన్ యోయి’ అని ఒక పేరే పెట్టుకున్నారు. కదులుతున్నంత సేపు బల్ల కింద దూరి తల కాచుకోవాలన్నది తైవాన్‌లో బడిపిల్లలకు కూడా నేర్పుతారు. ఆ ఉదయం నేనూ హనుమకొండలోనే ఉన్నాను. చెప్పులు లేకుండా వీధిలోకి పరుగెత్తాను, పైగా కరెంటు స్తంభం పక్కనే నిలబడ్డాను. మీ అబ్బాయి నాకంటే తెలివిగా ప్రవర్తించాడు. (రామప్ప గుడి ఇసుక పునాది మీద నిలిచింది, మనకేం కాదని చెప్పే పెద్దమనిషి మీ పెళ్లిలోనూ ఒకరు ఉండే ఉంటారు. ఆ ఇసుక పునాది మీ ఇంటికి లేదు.)

అక్కడ గైడు కూడా అతనితోపాటే ప్రయోగశాల పోగొట్టుకున్నాడు. హాస్టల్లో మిగిలిన నలుగురు దేశదేశాల పిల్లలు ఒకే వంటగదిలో వండుకుని, ఎవరికి నిద్ర పట్టకపోతే వారితో మిగిలినవాళ్లు కూర్చునేవారని అతను మీకు చెప్పాడు. అతను ఇప్పుడు మరో ఊళ్లో అరువు బెంచీ మీద మొదటి నుంచి ప్రయోగాలు చేస్తున్నాడు. నేల కదిలే చోటికే సెలవు మానుకుని ఎందుకు పోయాడని మీవారు అడుగుతున్నారు. అక్కడ అతను బల్ల కింద దూరితే పక్కవాడు కూడా దూరతాడు, అందుకు.

మీరు చేయవలసింది ఇది. మీవారి మాటలు అతనికి, అతని మాటలు మీవారికి చేరవేయడం ఈ రోజుతో ఆపండి. మీవారి చేత క్షమాపణ చెప్పించాలని చూడకండి. అది ఆయన పని. మీ పని మీరు చేయండి. ‘ఆ రోజు నన్ను కాపాడబోయావు, నేను నవ్వాను, తప్పు చేశాను’ అని, ‘మీ బాపు కూడా’ అని తోక తగిలించకుండా, మీ ఒక్కరి పేరు మీద చెప్పండి. కడుపున పుట్టినవాడి ముందు తల వంచితే పెద్దరికం పోతుందనుకునే తల్లులను నేను చాలామందిని చూశాను; వాళ్లతో నాకు ఎప్పుడూ పొసగలేదు. ఇక నిద్ర పట్టడం లేదని అతను మళ్లీ అంటే విశ్వవిద్యాలయంలోని కౌన్సెలరు దగ్గరికి వెళ్లమనండి. ‘మగపిల్లవాడివి’ అన్న మాట మీ నోట రాకూడదు.

మళ్లీ ఏదో ఒక శుభకార్యంలో మీ మరిది ఆ కథ ఎత్తుతాడు. అప్పుడు మీరు నవ్వకుండా, ‘నా తల మీద చెయ్యి అడ్డం పెట్టింది వాడొక్కడే’ అని అందరికీ వినబడేలా చెప్పండి. మీవారు పక్కన ఉంటే ఇంకా మంచిది.

వాట్సాపులో రాయకండి, ఫోనే చేయండి. తైవాన్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఆదివారం మీరు టీ పెట్టుకునే వేళకు అతను నిద్ర లేచి ఉంటాడు.